కడుపు సాఫ్ కావట్లేదా? ఒకసారి థైరాయిడ్ కూడా చూపించుకోండి

జీతం గురించి ఫ్రెండ్స్‌కి చెప్పుకుంటాం, బ్రేకప్ గురించి చెప్పుకుంటాం. 'నాలుగు రోజులైంది, మోషన్ కాలేదు' అని మాత్రం ఎవరికీ చెప్పం. మెడికల్ షాపులో కూడా గొంతు తగ్గించి అడుగుతాం. ఈ సిగ్గు వల్లే కొందరిలో అసలు జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు. అలాంటి జబ్బుల్లో ఒకటి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను తక్కువగా తయారుచేయడం.

మా పెద్దమ్మది దేవరకొండ దగ్గర ఊరు. "కడుపు సాఫ్ అయితలేదు బిడ్డా" అంటూ రెండేళ్లు రోజూ రాత్రి చూర్ణం వేసుకుంది. దాంతోపాటు ఒళ్లు బరువెక్కింది, జుట్టు ఊడింది, ఎండాకాలంలోనూ చలి అనేది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పారు: వయసు, టెన్షన్, నల్గొండ నీళ్లు. చివరికి ఒక డాక్టర్ ఈ లక్షణాలన్నీ కలిపి చూసి టీఎస్‌హెచ్ టెస్టు రాశారు. సాధారణంగా 4 లోపు ఉండాల్సింది 38 వచ్చింది.

లోపల ఏం జరుగుతుంది?

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. ఒంట్లో పనులు ఎంత వేగంగా జరగాలో దీని హార్మోనే చూసుకుంటుంది. పేగుల కండరాలు అలల్లా ముడుచుకుంటూ ఆహారాన్ని ముందుకు నెడతాయి. హార్మోన్ తగ్గితే ఆ కదలిక నెమ్మదిస్తుంది. మలం పెద్దపేగులో ఎక్కువసేపు ఉండిపోతుంది. అక్కడ ఎంతసేపు ఉంటే అంత నీరు పీల్చేసుకుంటుంది కాబట్టి గట్టిపడుతుంది. అందుకే ఇలాంటివాళ్లకు నీళ్లు ఎక్కువ తాగినా పూర్తిగా తగ్గదు. నీరసం, చలి తట్టుకోలేకపోవడం, చర్మం పొడిబారడం, పీరియడ్స్‌లో ఎక్కువ బ్లీడింగ్ కూడా ఈ హార్మోన్ తగ్గడం వల్లే రావచ్చు.

రిపోర్టు చూసి చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిందంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని కాదు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి నాకు ఇలా అర్థమైంది: సర్వర్ నుంచి జవాబు రాకపోతే సిస్టమ్ రిక్వెస్ట్ మళ్లీ మళ్లీ పంపుతుంది కదా. అలాగే థైరాయిడ్ నుంచి హార్మోన్ సరిపడా రాకపోతే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఇంకా ఇంకా పంపిస్తుంది.

ఇది అరుదైన జబ్బేం కాదు. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో 5 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. అందులో దాదాపు 11 శాతం మందిలో హైపోథైరాయిడిజం కనిపించింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ.

అంతా ఫ్లోరైడేనా?

మర్రిగూడ, మునుగోడు వైపు ఏ జబ్బు వచ్చినా వేలు ముందు నీళ్ల మీదికే పోతుంది. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత నష్టం చేసిందో జిల్లా అంతటికీ తెలుసు. ఫ్లోరైడ్ మితిమీరితే కడుపు ఇబ్బందులూ రావచ్చు. కానీ 'ఈ నీళ్లతోనే' అని సరిపెట్టుకుంటే థైరాయిడ్ టెస్టు దాకా వెళ్లం. కారణం ఏదైనా, హార్మోన్ తగ్గిందో లేదో రక్తపరీక్ష చెప్పేస్తుంది.

అలాగని మలబద్ధకం అంతా థైరాయిడ్ కాదు. పాలమూరు ఇళ్లలో జొన్న రొట్టె తగ్గి మూడు పూటలా తెల్లన్నం అయింది, పీచు తగ్గింది. మనలాంటి వాళ్లం పొద్దంతా కుర్చీలోనే. ఐరన్, కాల్షియం మాత్రల వల్ల కూడా మలబద్ధకం వస్తుంది. ప్రయాణంలో రెండ్రోజులు ఆగితే టెస్టు అక్కర్లేదు. వారాల తరబడి ఉండి, పైన చెప్పిన లక్షణాల్లో రెండు మూడు తోడైతే చేయించుకోవాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కడుపు ఉబ్బి వాంతులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మాత్ర వేసుకునేవాళ్లు ఇది చూడండి

థైరాక్సిన్ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా టీ, కాఫీ, టిఫిన్ వద్దు. మోషన్ కోసం తాగే ఇసబ్‌గోల్‌ను మాత్రతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. అప్పుడు థైరాయిడ్ అదుపులోకి రాదు, మలబద్ధకమూ పోదు. రెండింటి మధ్య కొన్ని గంటల తేడా ఉంచండి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే కనీసం 4 గంటలు. డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూస్తారు. కాస్త బాగయిందని మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

ఖర్చుకు భయపడక్కర్లేదు. 2021లో నల్గొండ, మహబూబ్‌నగర్‌లతో సహా పలు జిల్లా కేంద్రాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లు మొదలయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్ రాస్తే అక్కడ థైరాయిడ్ టెస్టు ఉచితం.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా అమ్మా' అన్నాక, 'మోషన్ సరిగ్గా అవుతుందా' అని కూడా అడగండి. అమ్మ తనంతట తాను చెప్పదు.