గోదావరి ముఖద్వారాలలో సముద్ర క్షీరదాల ఆవాసాలు: గుర్తింపే రక్షణకు తొలిమెట్టు

(ప్రత్యేక వ్యాసం)

వరద గోదావరికి ఎదురీదుతూ వచ్చే పులస చేపను ఎరుగని వారు గోదావరి జిల్లాలలో అరుదు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి వలస వచ్చే ఈ చేపకు నది, సముద్రం రెండూ ఒకే ఇల్లు. తీరానికి దగ్గరగా సంచరించే డాల్ఫిన్ల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. నది తెచ్చే మంచినీరు, ఒండ్రు, మడ అడవులలో పెరిగే చేపపిల్లలు సముద్రంలోని ఆహారానికి ఆధారం. అందువలన ఈ జీవుల రక్షణ ఒడ్డున గీసిన అభయారణ్య సరిహద్దుతో ముగిసేది కాదు.

సముద్ర క్షీరదాల ప్రత్యేకత

తిమింగలాలు, డాల్ఫిన్లు, పార్పాయిస్‌లు, డుగాంగ్‌లు నీటిలో జీవించినా చేపలు కావు. ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చి పెంచే క్షీరదాలు. వలలో చిక్కిన డాల్ఫిన్ నీటిపైకి రాలేకపోతే కొద్ది నిమిషాలలోనే ఊపిరాడక మరణిస్తుంది. సాధారణంగా ఒక ఈతలో ఒకే పిల్లను కంటాయి. ఈతకూ ఈతకూ మధ్య సంవత్సరాల వ్యవధి ఉంటుంది. కాబట్టి ఏటా కొద్ది సంఖ్యలో తల్లులు మరణించినా ఆ మంద కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

తూర్పు తీరంలో నదీముఖాల పరిసరాలను ఆశ్రయించే జాతులలో హంప్‌బ్యాక్ డాల్ఫిన్, వీపుపై రెక్క లేని ఫిన్‌లెస్ పార్పాయిస్, ఇరావతి డాల్ఫిన్ ముఖ్యమైనవి. ఇరావతి డాల్ఫిన్ పేరు బర్మాలోని నదిదే అయినా, శాస్త్ర ప్రపంచానికి అది పరిచయమైనది తెలుగు తీరం నుండే. 1852లో విశాఖపట్నంలో లభించిన నమూనా ఆధారంగా బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించారు. నేడు ఈ జాతి అంతర్జాతీయంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాబితాలో ఉంది. ఒడిశాలోని చిలికా సరస్సులో సుమారు 150 మాత్రమే ఉన్నట్లు ఇటీవలి గణనలు తెలుపుతున్నాయి.

ముఖ్య ఆవాసాలను గుర్తించే విధానం

విశాలమైన సముద్రమంతటినీ ఒకే స్థాయిలో కాపాడటం సాధ్యం కాదు. ఏ ప్రాంతం ఈ జీవులకు అత్యవసరమో ముందుగా తేల్చవలసి ఉంటుంది. ఇందుకోసం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితికి చెందిన ప్రత్యేక కార్యదళం 2013లో ఏర్పాటైంది. ముఖ్య సముద్ర క్షీరద ప్రాంతాలను ఎంపిక చేయడానికి ఇది నాలుగు ప్రమాణాలను పరిశీలిస్తుంది. అవి: ప్రమాదంలో ఉన్న జాతి అక్కడ నివసించడం, జనాభా స్థిరంగా గాని, పెద్ద సంఖ్యలో గాని ఉండటం, పిల్లలను కనడం, మేత, వలస వంటి జీవిత దశలకు ఆ ప్రాంతం అవసరం కావడం, జాతుల వైవిధ్యం లేదా ప్రత్యేక లక్షణాలు కలిగి ఉండటం. నిపుణులు ప్రతిపాదించిన ప్రాంతాన్ని స్వతంత్ర సమీక్షకులు పరిశీలించిన తరువాతనే జాబితాలో చేరుస్తారు. ఈ గుర్తింపునకు చట్టబద్ధత లేదు. దాని ఆధారంగా రక్షణ కల్పించే బాధ్యత ప్రభుత్వాలదే.

గుర్తింపు ఆచరణకు దారి తీసిన ఉదాహరణలు ఉన్నాయి. బంగాళాఖాతం ఉత్తర భాగంలో తిమింగలాలు, డాల్ఫిన్లు సంచరించే లోతైన సముద్ర లోయను బంగ్లాదేశ్ 2014లో రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల మేర దేశంలోనే తొలి డుగాంగ్ సంరక్షణ ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది.

గోదావరి డెల్టాలో నేటి పరిస్థితి

కాకినాడ సమీపంలోని కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దీని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. భారత వన్యప్రాణి సంస్థ దేశవ్యాప్తంగా 106 ముఖ్య తీర, సముద్ర జీవవైవిధ్య ప్రాంతాలను గుర్తించింది. 2011 తీరప్రాంత నియంత్రణ ప్రకటన కోరింగ, తూర్పు గోదావరి, కృష్ణా ప్రాంతాలను తీవ్ర దుర్బల తీర ప్రాంతాలలో చేర్చి, మత్స్యకారులు సహా తీరవాసుల భాగస్వామ్యంతో నిర్వహించాలని నిర్దేశించింది. గోదావరి నదీముఖ జీవావరణం పరిరక్షణకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో ప్రత్యేక ప్రాజెక్టు కూడా అమలైంది.

అయితే అభయారణ్యం ప్రధానంగా మడ అడవులకు, కయ్యలకు రక్షణ ఇస్తుంది. డాల్ఫిన్లు మసలే జలాలలో చేపల వేట, కాకినాడ రేవుకు వచ్చే నౌకల రాకపోకలు, కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు కార్యకలాపాలు సాగుతున్నాయి. ఈ కార్యకలాపాలన్నీ వేలాది కుటుంబాలకు ఉపాధినిస్తున్నాయి. ఏ నెలలో, ఏ లోతులో, ఏ ముఖద్వారం వద్ద డాల్ఫిన్లు ఎక్కువగా తిరుగుతాయో తెలిస్తే, ఆయా చోట్ల, ఆయా కాలాలలో మాత్రమే జాగ్రత్తలు విధించవచ్చు. ఆ వివరం లేనప్పుడు నిషేధం విధిస్తే మత్స్యకారుడు నష్టపోతాడు, విధించకపోతే డాల్ఫిన్ నష్టపోతుంది.

మత్స్యకారుల పాత్ర

ఈ వివరాలు సేకరించడంలో రోజూ సముద్రంపైకి వెళ్లే మత్స్యకారులను మించిన పరిశీలకులు లేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం వారికి పరిచితమే. డాల్ఫిన్లు కనిపించిన చోటు, తేదీ, సంఖ్యను నమోదు చేస్తే ఆవాస పటం క్రమంగా రూపొందుతుంది. మత్స్యకారుల జీవనోపాధికి ఇందులో ప్రత్యక్ష సంబంధం కూడా ఉంది. వేటలో సముద్ర క్షీరదాలకు హాని జరిగే దేశాల చేపల దిగుమతిని నియంత్రిస్తూ అమెరికా 2016లో నిబంధన రూపొందించింది. ఆ గడువు పలుమార్లు పొడిగించబడి 2026 జనవరి 1కి చేరింది.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన జీవికి సాయం

తీరానికి కొట్టుకొచ్చిన పెద్ద సముద్ర జీవుల విషయంలో అనుసరించవలసిన మార్గదర్శకాలను కేంద్ర పర్యావరణ శాఖ 2021లో విడుదల చేసింది. ప్రజలు పాటించవలసిన ముఖ్య జాగ్రత్తలు ఇవి:

• వెంటనే సమీప అటవీ లేదా మత్స్యశాఖ సిబ్బందికి, మెరైన్ పోలీసులకు తెలియజేయాలి.
• జీవి బ్రతికి ఉంటే తడి గుడ్డతో చర్మాన్ని కప్పి, నీడ కల్పించాలి.
• తలపై ఉన్న శ్వాసరంధ్రంలోకి నీరు, ఇసుక పోకుండా చూడాలి.
• తోక, రెక్కలు పట్టి లాగరాదు. జనం గుమిగూడరాదు.
• మరణించినా కళేబరాన్ని కోయడం, పాతిపెట్టడం స్వయంగా చేయరాదు. దాని కొలతలు, మరణ కారణం పరిశోధకులకు అవసరం.

తిమింగలాలు, డాల్ఫిన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని చంపడం, మాంసం లేదా ఇతర భాగాలు అమ్మడం శిక్షార్హం. డాల్ఫిన్ కనిపించిన ప్రతిసారీ నమోదు చేయడం, ఒడ్డుకు చేరిన ప్రతి జీవి సమాచారం తెలియజేయడం గోదావరి తీరవాసులు ఈ కృషికి అందించగల అమూల్య సహకారం.