కొఱ్ఱరవ్వ ఉప్పిండి – దోషసామ్యము

అనంతపురము మెట్టసీమలో సాలుసరి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ కొద్దిపాటి వానకే పండెడి కొఱ్ఱ, వేరుసెనగ సేద్యము విస్తరించిన కొలదియు మన చేలనుండి తొలగిపోయినది. వేరుసెనగ నమ్మిన సొమ్ముతో అంగడిలో గోధుమరవ్వ కొని ఉప్పిండి వండుకొనుచున్నాము. వాన తప్పిన యేట సొమ్మును ఉండదు, ఇంట గింజయు ఉండదు. కావున మన చేని కొఱ్ఱతోనే ఈ వంటను ఆరోగ్యకరముగా చేసికొను విధమును సభ్యులకు విన్నవించుచున్నాము.

వాత పిత్త కఫములు సమముగా నుండుటయే ఆరోగ్యమని ఆయుర్వేదము. గోధుమ చలువచేయునదియు, జిడ్డుగుణము కలదియు, బరువైనదియు అగుటచే వాతపిత్తములను అణచి కఫమును పెంచును. కంగు వనబడు కొఱ్ఱ కఫమును హరించును గాని రూక్షమగుటచే వాతమును పెంచునని భావప్రకాశమునందు చెప్పబడినది. కొఱ్ఱన్నము తిన్నచో కడుపు ఉబ్బరించునని కొందఱు దానిని మానుటకు ఇదియే కారణము. అది గింజ దోషము కాదు. వండెడి తీరునందలి లోపము. రూక్షతకు విరుగుడు జిడ్డు, వేడి, చక్కని ఉడుకు.

పొట్టు తీసిన కొఱ్ఱబియ్యమును రవ్వగా విసరి జల్లించుకొనవలెను. ఒక గిన్నెడు రవ్వను సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువఱకు వేయింపవలెను. వేరొక పాత్రలో రెండు చెంచాల వేరుసెనగనూనె కాచి, ఆవాలు, సెనగపప్పు, జీలకఱ్ఱ, ఇంగువ, కరివేపాకు, తఱిగిన అల్లము, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టవలెను. ఆ పిమ్మట ఉల్లిగడ్డ, సొరకాయ, గోరుచిక్కుడు, ములగాకు మున్నగువానిలో దొరకినవి ఒక గిన్నెడు వేసి మగ్గింపవలెను. అదే గిన్నెతో మూడు గిన్నెల నీరు పోసి, ఉప్పు వేసి, తెర్లిన తరువాత రవ్వను ఉండకట్టకుండ కలుపుచు పోయవలెను. మూతపెట్టి చిన్న మంటపై పదినిమిషములు ఉడికించి, దింపిన పిదప అయిదు నిమిషములు కదపక ఉంచవలెను. కొఱ్ఱ నీటిని మెల్లగా పీల్చును; తొందరపడి దింపినచో లోన పలుకు మిగులును, ఆ పలుకే కడుపుబ్బరమునకు మూలము. తినునపుడు ఒక చెంచాడు నేయి, కొంచెము నిమ్మరసము చేర్చుకొనవలెను.

ఋతువును బట్టి మార్పులు అవసరము. వేసవిలో మిరపకాయ తగ్గించి సొరకాయ, కొత్తిమీర హెచ్చుగా వేయవలెను. వానకాలమున వాతము ప్రకోపించును గనుక అల్లము, ఇంగువ, నేయి తగ్గింపరాదు, వేడివేడిగా తినవలెను. చలికాలమున అనపగింజలు వేసికొనువారు అవి వాతకరములని యెఱిగి అల్లము, జీలకఱ్ఱ పెంచవలెను. చలి తగ్గి ఎండలు ముదురునపుడు కఫము ప్రకోపించును. అప్పుడు మిరియములు, ములగాకు మేలు. గోధుమరవ్వనే వండువారు కూడ దానిని బాగుగా వేయించి, అల్లము మిరియములు చేర్చినచో బరువు తగ్గును.

నేటి పరిశోధనల ప్రకారము నూరు గ్రాముల కొఱ్ఱలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు కలవు. పీచుపదార్థమును సమృద్ధిగా నుండును. అయినను మధుమేహము మున్నగు వ్యాధులు కలవారు దీనిని నమ్మి వైద్యుని మందులు మానరాదు.

కొఱ్ఱ మరుగుపడుటకు మఱియొక కారణము దంపుడు శ్రమ. రోట దంచి పొట్టు తీయు కష్టమంతయు స్త్రీలదే. ఒక్క కుటుంబము యంత్రము కొనజాలదు, సంఘము కొనగలదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో ఏర్పడిన ధరణి సహకార సంఘము సభ్యుల చిరుధాన్యములను కొని, శుద్ధిచేసి, విక్రయించుచున్నది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఆ ప్రాంతమును మనవంటి మెట్టసీమయే.

కావున రైతు సోదరులారా, వేరుసెనగ వేయు భూమిలో ఒక ఎకరమైనను ఇంటి గింజకై కొఱ్ఱకు విడువుడు. పొట్టు తీయు యంత్రమును గూర్చి మీ సంఘ సమావేశమున ప్రస్తావింపుడు. ఆ సమావేశమునకు స్త్రీలను తప్పక పిలువుడు. రోటి కష్టము తెలిసినది వారికే.