చలి శివరాత్రి దాకానే ఎందుకుంటుంది?

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందని మన పెద్దలు అనడం వింటూనే ఉంటాం. దీన్ని జోస్యంగా తీసుకుని, ఈ ఏడు నిజమైందా లేదా అని తేల్చబోతే సామెతకు అన్యాయం చేసినట్టే. అసలైన జోస్యం ఎలా ఉంటుందో అమెరికాలో చూడొచ్చు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పంక్సుటానీ ఊళ్లో ఫిబ్రవరి 2న గ్రౌండ్‌హాగ్ అనే బొరియ జంతువును జనం ముందుకు తెస్తారు. దానికి తన నీడ కనిపిస్తే చలి ఇంకో ఆరు వారాలు ఉంటుందని, లేకపోతే వసంతం తొందరగా వస్తుందని చాటుతారు. 1887లో మొదలైన ఆనవాయితీ ఇది. ఏ ఏటి మాట ఆ ఏటిది కాబట్టి తప్పొప్పులు లెక్కపెట్టొచ్చు. అక్కడి వాతావరణ సంస్థ లెక్కపెట్టి చూస్తే సగం సార్లు కూడా నిజం కాలేదు. మన సామెత ఏటికో మాట చెప్పదు. ఎన్నో తరాలు చలికి వణికి, తేరుకుని, కట్టిన సగటు అది.

ఆ సగటు ఎంత సరిగ్గా ఉందో చూడండి. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రం నుంచి 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఫిబ్రవరి చివరికి 64 డిగ్రీలకు చేరతాడు, పగలు అరగంటకు పైగా పెరుగుతుంది. భారత వాతావరణ శాఖ కూడా జనవరి, ఫిబ్రవరి నెలలనే చలికాలంగా లెక్కిస్తుంది. ఇక్కడో గట్టి అభ్యంతరం ఉంది. చలి సూర్యుణ్ని బట్టి పోతుంది, శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుణ్ని బట్టి వస్తుంది. 2018లో ఫిబ్రవరి 13న వస్తే, 2021లో మార్చి 11న వచ్చింది. ఇంత తేడా ఉన్న పండుగ చలికి హద్దు ఎలా అవుతుంది? అధిక మాసం ఉంది కనుక అవుతుంది. తిథులు మరీ వెనక్కి జరగకుండా అది సర్దుతుంది. అందువల్ల శివరాత్రి అటూ ఇటూ ఊగినా ఆ ఊగులాటకు నడిమధ్య ఫిబ్రవరి ఆఖరే. పండుగ తొందరగా వచ్చిన ఏడాది ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో తెల్లవారుజామున దుప్పటి వదల్లేకపోవచ్చు. అది ఒప్పుకోవాల్సిందే.

మరి సూర్యుడి పండుగ రథసప్తమిని వదిలి శివరాత్రినే ఎందుకు పట్టుకున్నారు? జాగారమే కారణమని నాకు అనిపిస్తుంది. చలి అసలు బలం సూర్యోదయానికి కాస్త ముందు తెలుస్తుంది. రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదులుతూ పోతుంది కనుక ఆ వేళకు బాగా చల్లబడుతుంది. మామూలు రోజుల్లో ఆ సమయానికి చాలామంది నిద్రలోనే ఉంటారు. శ్రీశైలంలోనో వేములవాడలోనో కోటప్పకొండలోనో, లేదా సొంత ఊరి శివాలయంలోనో, వేలమంది తెల్లవార్లూ ఆరుబయట మెలకువగా గడిపే రాత్రి ఇది. చలి తగ్గిందో లేదో ఊరంతా ఒకేసారి ఒంటితో తెలుసుకునే అవకాశం ఏడాదిలో ఇంకెప్పుడు దొరుకుతుంది?

భూమి వేడెక్కుతున్న కాలంలో ఇక ఈ సామెత ఎందుకు అనేవారూ ఉన్నారు. సగటు ఉష్ణోగ్రత ప్రకారం 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరి 2025లోదేనని వాతావరణ శాఖే చెప్పింది. కానీ ఇప్పుడే దీని అవసరం ఎక్కువ. మామిడి తోటనే తీసుకోండి. చలికి పూత వస్తుంది. మబ్బు పట్టి తేమ నిలిచిన రోజుల్లో తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఆ పూతను పీడిస్తాయి. వాటిని తట్టుకున్న పూగుత్తులకు శివరాత్రి ప్రాంతంలో పిందె కనిపిస్తుంది. ఈలోపే ఎండ ముదిరితే బఠాణీ గింజంత పిందెలు కాడ ఎండి రాలిపోతాయి. చెట్టు కింద వాటిని చూసిన రైతు ఈసారి శివరాత్రి రాకముందే చలి పోయిందంటాడు. ‘రాకముందే’ అని అతను అనగలుగుతున్నాడంటే, చలి ఎప్పటిదాకా ఉండాలో ఈ సామెత అతనికి ముందే చెప్పిపెట్టింది.