ముడి వేయని దండ: ఎస్‌బీఎస్ రబ్బరు పుట్టుక

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలను తాకుతుంది. చెప్పుల దుకాణాల్లో ‘టీపీఆర్ సోల్’ అని చెప్పి అమ్మే బూట్ల అడుగుభాగం ఈ రెండు కాలాల్లోనూ రబ్బరులాగే వంగుతుంది. టైరు రబ్బరుకు లేని గుణం కూడా దీనికి ఒకటి ఉంది. టైరును కాలిస్తే మాడిపోతుందే తప్ప కరగదు. టీపీఆర్‌ను వేడి చేస్తే కరుగుతుంది, అచ్చులో పోసి చల్లారిస్తే మళ్లీ రబ్బరవుతుంది.

టీపీఆర్ అంటే థర్మోప్లాస్టిక్ రబ్బరు. సోల్‌లలో ఎక్కువగా వాడేది స్టైరీన్-బ్యూటాడయీన్-స్టైరీన్, క్లుప్తంగా ఎస్‌బీఎస్. దీని ప్రతి గొలుసుకూ రెండు చివర్లా పాలీస్టైరీన్, నడుమ పొడవాటి పాలీబ్యూటాడయీన్ ఉంటాయి. ఇలా ఒక్కో రకం ఒక్కో ముక్కగా అతికిన గొలుసే బ్లాక్ కోపాలిమర్. ఈ రెండు పాలిమర్లకూ పొత్తు కుదరదు. కానీ ఒకే గొలుసులో ఉన్నాయి కాబట్టి విడిపోనూ లేవు. అందుకే ఎడమొహం పెడమొహంగానే కలిసి ఉంటాయి: పాలీస్టైరీన్ చివరలన్నీ కొన్ని పదుల నానోమీటర్ల గుంపులుగా చేరతాయి. వాటి మధ్య పాలీబ్యూటాడయీన్ సాగుతూ ఉంటుంది. ఆ గట్టి గుంపులే గొలుసులను పట్టి ఉంచే ముడులు. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దాకా మెత్తబడదు. పాలీబ్యూటాడయీన్ మైనస్ 90 డిగ్రీల దగ్గరికి వెళ్తే గానీ బిగుసుకోదు. వైశాలి ఎండా చలీ ఈ రెండింటి మధ్యే ఉన్నాయి.

గుణం సరే, అలాంటి గొలుసును తయారు చేసేదెలా? సాధారణ పద్ధతిలో, అంటే ఫ్రీ రాడికల్ పాలిమరీకరణలో, పెరుగుతున్న రెండు కొసలు ఎదురైతే అతుక్కుని అక్కడితో ఆగిపోతాయి. తర్వాత ఇంకో మోనోమర్ వేసినా అందుకునే కొస ఉండదు. ఒక్కో గొలుసు ఒక్కో పొడవుతో ముగుస్తుంది కూడా.

పూలదండ గుచ్చేటప్పుడు సూది దారానికే ఉంటే మల్లెలు అయిపోయాక కనకాంబరాలు ఎక్కించవచ్చు, మళ్లీ మల్లెలకు రావచ్చు. ముడి వేశాక కుదరదు. సూది తీయకుండా ఉంచే పద్ధతిని 1956లో అమెరికాలోని సిరక్యూస్‌లో మైఖేల్ ష్వార్జ్, ఆయన సహచరులు చూపించారు. సోడియం నాఫ్తలీన్ ముదురు ఆకుపచ్చ ద్రావణానికి స్టైరీన్ కలపగానే అది ఎరుపెక్కింది. స్టైరీన్ అంతా అయిపోయినా ఆ ఎరుపు పోలేదు. మరికొంత స్టైరీన్ పోస్తే గొలుసులు మళ్లీ పెరిగాయి. కొసల మీద ఉన్నది రుణావేశం. ఒకే ఆవేశం గల కొసలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కాబట్టి అతుక్కోవు. ష్వార్జ్ వీటిని ‘సజీవ పాలిమర్లు’ అన్నారు. రసాయన శాస్త్రంలో ఇంత అతికినట్టున్న పేర్లు అరుదు.

ఆ బృందంలోని రాల్ఫ్ మిల్కోవిచ్ తర్వాత షెల్ కంపెనీలో ఎస్‌బీఎస్‌పై పనిచేశారు. 1965లో అది క్రేటన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ప్రారంభకంగా బ్యూటైల్ లిథియం వేసి, ముందు స్టైరీన్, అది అయ్యాక బ్యూటాడయీన్, మళ్లీ స్టైరీన్ ఇస్తే ఎస్‌బీఎస్ తయారవుతుంది. నారింజ-ఎరుపు రంగు లేత పసుపుకు మారి, తిరిగి ఎరుపెక్కడం కంటికే కనిపిస్తుంది. చివర మిథనాల్ చుక్కలు వేస్తే రంగు పోతుంది, ముడి పడినట్టే. పొడవు కూడా లెక్క ప్రకారమే వస్తుంది: వెయ్యి స్టైరీన్ అణువులకు ఒక ప్రారంభకం చొప్పున వేస్తే ఒక్కో గొలుసులో సుమారు వెయ్యి యూనిట్లు ఉంటాయి.

మిథనాల్ కావాలని వేసేది. పిలవకుండా వచ్చే నీటి ఆవిరి, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా కొసలను చంపేస్తాయి. అందుకే మోనోమర్, ద్రావణి, గాజు పాత్ర అన్నీ తేమ లేకుండా ఉండాలి. ప్రయోగశాలలో శ్రమంతా ఈ శుభ్రతకే పోతుంది.

మిథైల్ మెథాక్రిలేట్‌తో ఇంకో చిక్కు ఉంది. దాని కార్బొనిల్ సమూహం మీద సజీవ కొస దాడి చేసి తనను తానే పోగొట్టుకుంటుంది. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డి. భాస్కరన్, ఎస్. శివరామ్ లిథియం పర్‌క్లోరేట్ లవణం కలిపి ఈ అల్లరిని అదుపు చేయవచ్చని 1997లో ప్రచురించారు. అలా వచ్చిన గొలుసులు దాదాపు ఒకే పొడవుతో ఉన్నాయి. ఈ మోనోమర్‌ను స్టైరీన్‌తో జత చేయాలంటే మాత్రం వరుస తప్పకూడదు. ముందు స్టైరీన్, తర్వాతే మెథాక్రిలేట్. మెథాక్రిలేట్ కొసకు స్టైరీన్‌ను అందుకునేంత చురుకు ఉండదు.