కుక్కపిల్లకు నోరే చెయ్యి



మా పాకాలలో జంక్షన్ దగ్గర కాపురం వున్నవాళ్ళకు రెండు సంగతులు అలవాటైపోతాయి. ఒకటి రైలు కూత, రెండోది వీధికుక్కలు. కిందటేడు వానాకాలంలో మా రెండోవాడు నెలన్నర కుక్కపిల్లను చొక్కాలో దాచుకుని తెచ్చాడు. వద్దంటే వింటాడా? వారం తిరక్కుండా అది మావారి చెప్పు, చేట అంచు, పీట కాలు, వుతికి ఆరేసిన పంచె కొస అన్నిటినీ కొరికిపెట్టింది. నాకు ఒళ్ళు మండి చీపురుకట్టతో ఒకటి వేశాను. అదేమో ఆ చీపురునే పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది!

మాకు పాలు పోసే అవ్వ అది చూసి నవ్వింది. “ఏమ్మా, దానికి చేతులుండాయా ఏమన్నా? నోటితోనే గదా తడిమి చూసేది!” అన్నది. ఆ మాట పట్టుకుని పశువుల డాక్టరు గారిని అడిగాను, దొరికిన పుస్తకాలు కొన్ని తిరగేశాను. అవ్వ చెప్పిందే నిజం.

మన పిల్లల సంగతే చూడండి. అయిదారు నెలల పసివాడి చేతికి గిలక్కాయ ఇస్తే ఏం చేస్తాడు? తిన్నగా నోట్లో పెట్టుకుంటాడు. మెత్తనా గట్టా, చల్లనా వెచ్చనా అని నాలుకతో, చిగుళ్ళతో తేల్చుకుంటాడు. తర్వాత వేళ్ళు స్వాధీనంలోకి వచ్చి నోటి పని తగ్గిపోతుంది. కుక్కకు ఆ వేళ్ళు ఎప్పటికీ రావు. ముక్కుతో వాసన చూస్తుంది, నాలుకతో నాకుతుంది, ముందున్న చిన్నపళ్ళతో కొసకొసలా కొరుకుతుంది, బాగుందనుకుంటే కరుచుకుని మూలకు తీసుకుపోయి పక్కపళ్ళ కింద వేసి నములుతుంది. మరీ మూతి దగ్గరికి వచ్చిన వస్తువు దాని కళ్ళకు స్పష్టంగా కనపడదు. అందుకే మూతి మీద పొడుగాటి మీసాలు. ఒక్కొక్క మీసం మొదట్లో నరాలుంటాయి, తగిలిందంటే తెలిసిపోతుంది. అందం కోసమని వాటిని కత్తిరించకండి.

ఇంకో చిత్రం వుంది. నోటి పైకప్పులో, ముందుపళ్ళ వెనకాల, జాకబ్‌సన్ అవయవమని ఒకటున్నది. వాసనల్లో మనకు అందని కబుర్లు దానికి తెలుస్తాయి. మేకపోతు మూతి పైకెత్తి పళ్ళు ఇకిలించడం చూసేవుంటారు గదా, ఆ పని దీనికోసమే. కుక్క అలా ఇకిలించదు. గోడవార వాసన చూసి, నాలుకాడిస్తూ పళ్ళు టకటకలాడిస్తుంది.

పుట్టినప్పుడు కుక్కపిల్లకు కళ్ళు కనపడవు, చెవులు వినపడవు. కళ్ళు తెరవడానికే రెండు వారాలు పడుతుంది. మూడో వారంలో పాలపళ్ళు మొదలై మొత్తం ఇరవై ఎనిమిది వస్తాయి, ఒక్కొక్కటి సూదిమొన. నాలుగో నెల నుంచి అవి రాలి నలభై రెండు గట్టిపళ్ళు వస్తాయి. మా చెప్పులు ఎక్కువ పోయింది ఆ రోజుల్లోనే. ఎంత గట్టిగా కరవవచ్చో నేర్పేది తోబుట్టువులే. ఆటలో గట్టిగా పట్టిందంటే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. అలా పట్టు మెత్తబడుతుంది. రెండు నెలలన్నా నిండకముందే తల్లి దగ్గర్నుంచి తెచ్చేస్తే ఆ చదువు సగంలో ఆగిపోతుంది. మావాడు చేసిన తప్పు అదే. ఇక నేర్పే బాధ్యత నాది. చెయ్యి పట్టుకుంటే కొట్టకుండా “అబ్బా” అని ఆట ఆపి లేచిపోయేదాన్ని, నమలడానికి ముడివేసిన పాత తువ్వాలు ఇచ్చేదాన్ని. నెల పట్టింది. సూదీదారం, మాత్రలు, ఉల్లిపాయలు, చాక్లెట్లు మాత్రం దానికి అందకుండా పెట్టాలి. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, కడుపులో గుచ్చుకుంటాయి.

ఈ బుద్ధి కుక్కకు తోడేలు నుంచి వచ్చింది. తోడేలు అంటే ఎక్కడో అడవుల్లోది కాదు, మన రాయలసీమ మెట్టల్లోదే. 1988లో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యంలో బట్టమేక పిట్టతోబాటు దాని పేరూ వినపడేది. 1972 నాటి చట్టం ప్రకారం దాన్ని చంపకూడదు. గొర్రె పోయిన కాపరికి ఆ చట్టం ఎంత రుచిస్తుందో వేరే సంగతి. తోడేలు పిల్లలు కూడా ఎముక ముక్కలు, ఈకలు, తోలు పేలికలు నోట కరుచుకుని తిప్పుతాయి. పెద్దవి వేటనుంచి రాగానే వాటి మూతులు నాకుతాయి, పెద్దవి తిన్నది కక్కి పెడతాయి. మనం బజారు నుంచి రాగానే కుక్క మొహం మీదికి ఎగబాకి నాకేది ఆ పాత అలవాటేనట!

హంగేరీ దేశంలో బుడాపెస్టు శాస్త్రజ్ఞులు తోడేలు పిల్లలను, కుక్కపిల్లలను ఒకేలా చేతుల మీద పెంచి చూశారు. 2003లో ఆ వివరాలు అచ్చువేశారు. బోనులో మాంసం, దానికి తాడు. నోటితో తాడు లాగితే మాంసం వచ్చేస్తుంది. రెండూ నేర్చుకున్నాయి. తర్వాత తాడు కదలకుండా కట్టేశారు. తోడేళ్ళు లాగుతూనే వున్నాయి. కుక్కలు కాసేపు లాగి, మనిషి మొహంలోకి చూశాయి.

ఇంతా చెప్పి, ఒక మాట దాచకూడదు. మా పక్కింటి పదేళ్ళ పిల్లాడు వీధిలో కుక్కపిల్లతో ఆడుతుంటే దాని పన్ను వేలికి గీరి నెత్తురొచ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని ఎవరో భయపెట్టారు. రెండు రోజులు చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆడుతూ కరిచినా, కోపంతో కరిచినా చొంగలో రేబిస్ పురుగు వుంటే ఒకటే. పిల్లకుక్క అని మినహాయింపు లేదు. ఆ పురుగు నరాలెంబడి మెదడుకు పాకుతుంది. ఎన్నో వారాలు, నెలలు పట్టవచ్చు. జబ్బు బయటపడ్డాక మాత్రం బతికించే మందు లేదన్నమాటే.

అందుకని గాటు చిన్నదైనా కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగాలి. కారం, సున్నం, కాఫీపొడి అద్దకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పాస్తరు 1885లో మొదట తొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఈ టీకా వేశాడు. దక్షిణాదివాళ్ళ కోసం 1907లో నీలగిరుల్లో కూనూరులో పాస్తరు సంస్థ పెట్టారు. ఇప్పుడంత దూరం పోనక్కర్లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. బొడ్డు చుట్టూ కాదు, జబ్బకు. నాలుగైదు దఫాలు, డాక్టరు రాసిన తేదీల్లో. గాయం లోతైతే దాని చుట్టూ మరో మందు కూడా వేస్తారు. కుక్క బాగానే తిరుగుతోంది గదా అని మధ్యలో మీ అంతట మీరు మానేయకండి.

వాడి వేలు చూసింది నేనే. అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి వాడబోతుంటే అనుమానమొచ్చి అడిగాను. వాళ్ళమ్మను తిట్టొద్దని బతిమాలి, ముగ్గురం కలిసే ఆసుపత్రికి వెళ్ళాం. ఆవిడ మిగతా తేదీలను గోడ క్యాలెండరులో ఎర్ర పెన్సిలుతో చుట్టిపెట్టుకుంది. మూడో సూదినాడు వాడే వచ్చి, “అత్తా, పోదాం రా” అని నన్ను పిలిచాడు.