ఔనను మాట

దినమునకు నూఱుమాఱులు మన నోట వెలువడు మాట యొకటి కలదు. బిడ్డ పిలిచినచో "ఆఁ" అందుము. అత్తగారు కథ చెప్పుచుండఁగా "ఊఁ" కొట్టుదుము. పెద్దలు పని చెప్పినచో "సరే" అందుము. అడిగినది నిజమైనచో "ఔను" అందుము. ఇంత చిన్నమాటను గుఱించి వ్రాయుట యెందులకని మీరడుగవచ్చును. మాట చిన్నదే, కాని యొక్కొక్కప్పుడు దానిమీఁద నొక యాఁడుదాని జీవితమంతయు నిలుచును.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో నీ మాటకు రూపములు పెక్కులు. గద్వాల, వనపర్తులు నిజాము రాజ్యమునకు లోఁబడిన సంస్థానములు. నాఁటి రాజభాష యుర్దూ. కావున మర్యాదగా సమ్మతి తెలుపువారు "జీ హాఁ" అనుచుండిరి. దక్కనీ మాటలాడు నిండ్లలో నేఁటికిని ఔననుటకు "హౌ" అనియు, వలదనుటకు "నక్కో" అనియు నందురు. గద్వాల, ఆలంపురము తాలూకాలు 1956 వఱకు రాయచూరు జిల్లాలోనివి. అందుచేఁ గన్నడమువారి "హౌదు" కూడ నచట క్రొత్త కాదు. ఔను, హౌ, హౌదు అను మూఁడును అక్కచెల్లెండ్రవలె వినఁబడుచుండును గదా!

ఇపుడు బడిపిల్లల వలన "యెస్" అను నాలుగవది మన యిండ్లలోనికి వచ్చినది. ఈ యెస్సునకు "యే" అను తోఁబుట్టువొకటి యుండెడిదని చాలమంది యెఱుఁగరు. పూర్వమాంగ్లేయులు ఔననుటకు రెండు మాటలును, కాదనుటకు రెండు మాటలును వాడుచుండిరి. "బావిలో నీళ్లున్నవా?" అని యడిగినచో, ఉన్నవనుటకు "యే", లేవనుటకు "నే" అని బదులు చెప్పవలెను. "బావిలో నీళ్లు లేవా?" అని యడిగినచో, ఉన్నవనుటకు "యెస్", లేవనుటకు "నో" అనవలెను. ప్రశ్న యెట్టిదో బదులును బట్టియే తెలిసెడిది. 1532లో సర్ థామస్ మోర్ అను పండితుఁడు, బైబిలును భాషాంతరీకరించిన టిండేలు "నే" అనవలసిన చోట "నో" అని వ్రాసెనని తప్పుపట్టెను. అప్పటికే యీ భేదము సడలుచుండెనన్న మాట. పిమ్మట యెస్సు, నో అను రెండే నిలిచినవి. "యే" అనునది 1611 నాఁటి యాంగ్ల బైబిలులోను, అమెరికా శాసనసభల యోటులోను మిగిలినది. దానిని బోలిన "ఐ" అను మాట స్కాట్లండులో నింటింట వినఁబడును. బ్రిటిషు పార్లమెంటులోను, మన లోకసభలోను ఓటుమాటయై యున్నది.

మన తెలుఁగు సంగతి చూతము. మన "ఔను" అగు ధాతువునుండి పుట్టిన క్రియ. "అది యట్లే యగును" అని దాని యర్థము. కాదనుటకు మనకును రెండు మాటలు కలవు. వస్తువు వేఱైనచో "కాదు". అసలే లేనిచో "లేదు". ఇంత సంపద యుండియు, లేదను ప్రశ్న యెదురైనపుడు మనమును తడఁబడుదుము. "అన్నము తినలేదా?" అని తల్లి యడుగును. బిడ్డ "ఔను" అనును. తినలేదని బిడ్డ భావము. తినెనని తల్లి తలఁపు. అన్నము విషయమున నష్టము లేదు. మఱల నడిగి వడ్డింపవచ్చును.

పెండ్లిమాటలయందో? పెద్దలు పిల్లను బిలిచి, "ఈ సంబంధము నీకిష్టము లేకపోలేదు గదా?" అని యడుగుదురు. పిల్ల తల వంచి "ఊఁ" అనును. ఆ "ఊఁ" ఇష్టమనుటయా, ఇష్టము లేదనుటయా? అడిగినవారు తమకు వలసిన యర్థమునే తీసికొందురు. పిల్ల నోరు మెదపకున్నచో "మౌనమర్ధాంగీకార"మని తాంబూలములు పుచ్చుకొందురు. అర్ధాంగీకారమనఁగా సగమే గదా! మిగిలిన సగము నెవరడిగిరి?

మన చట్టము లీ విషయమున ముందడుగు వేసినవి. 1954 నాఁటి ప్రత్యేక వివాహ చట్టము ప్రకారము పెండ్లికూఁతురును పెండ్లికొడుకును, అధికారి యెదుటను ముగ్గురు సాక్షుల యెదుటను, ఒకరి నొకరు స్వీకరించితిమని నోటితోఁ జెప్పవలెను. 1955 నాఁటి హిందూ వివాహ చట్టము ప్రకారము బలవంతముచేతఁ గాని మోసముచేతఁ గాని సమ్మతి పొందినచో, ఆ వివాహమును రద్దుచేయఁ గోరవచ్చును. ముసల్మానుల నికాహులోను వధువు సమ్మతి నడుగుట యాచారము. అయినను న్యాయస్థానము చాల దూరము, వంటయిల్లు దగ్గఱ. ప్రశ్న సరిగా నడుగవలసినది వంటయింటిలోనే.

కావున తల్లులకు మా మనవి యొక్కటే. కూఁతు నడుగునపుడు తిన్నని ప్రశ్న వేయుఁడు. "నీకిష్టమా?" అని యడుగుఁడు, "ఇష్టము లేదా యేమి?" అని యడుగకుఁడు. నలుగురిలోఁ గాక యొంటరిగా నడుగుఁడు. "ఊఁ" అనినచో నూరకుండక, "ఇష్టమే" అనియో "ఇష్టము లేదు" అనియో నిండుమాట చెప్పనిండు. అన్నము తింటివా యనిన "తింటి"నని క్రియతో బదులిచ్చుట మన తెలుఁగుబిడ్డలకు పుట్టుకతో వచ్చిన యలవాటు. అన్నమునకుఁ బనికివచ్చు నలవాటు జీవితమునకుఁ బనికిరాదా?

ఆంగ్లేయులు నాలుగు మాటలలో రెంటిని బోఁగొట్టుకొనిరి. మన యాఁడుబిడ్డల నోటనున్న రెండు మాటలను, ఔనును కాదును, మనము పోఁగొట్టకుందుము గాక! కాదని చెప్పు స్వతంత్రము గల నోటనే ఔనను మాటకు విలువ.