ఒక్క పెనంలో కేజన్‌ విందు.. ఉప్పు లెక్క తప్పొద్దు!

వంటయ్యాక తోమాల్సింది ఒక్కటే గిన్నె. అన్నం, రొయ్యలు, కూరగాయలు.. అన్నీ అందులోనే. ముప్పావుగంటలో రాత్రి భోజనం సిద్ధం. అమెరికాలోని లూయిజియానాలో పుట్టిన జంబలాయా ప్రత్యేకత ఇదే. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల ఇళ్లలోనూ ఇది తరచూ ఉడుకుతుంటుంది. కారంగా, ఘుమఘుమలాడుతూ ఉంటుంది కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్నలూ ఇష్టంగానే తింటారు. మాంసకృత్తులకు కొదవ లేదు. నూనె కూడా తక్కువే. మరి చిక్కెక్కడ? ఉప్పులో! అదీ మనం చేత్తో వేసే ఉప్పు కాదు. మసాలా సీసా, సాసేజ్‌, స్టాక్‌ ప్యాకెట్‌, గడ్డకట్టిన రొయ్యల్లోంచి చడీచప్పుడు లేకుండా వచ్చి చేరే ఉప్పు. ఇంట్లో అధిక రక్తపోటు, గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఒక్కరున్నా దీని లెక్క తెలుసుకోవాల్సిందే. తెలుసుకుంటే రుచి తగ్గకుండానే ఉప్పును నాలుగైదో వంతుకు దించేయొచ్చు.

ఏమిటీ కేజన్‌ వంట?

ఇప్పటి కెనడా తూర్పు తీరంలో ఒకప్పుడు అకేడియా అనే ప్రాంతం ఉండేది. ఫ్రెంచివారు స్థిరపడిన చోటది. 1755 నుంచి బ్రిటిష్‌వారు వారిని అక్కడి నుంచి బలవంతంగా వెళ్లగొట్టారు. అలా చెల్లాచెదురైనవారిలో చాలామంది లూయిజియానా చేరుకున్నారు. అకేడియన్‌ అనే మాటే వాడుకలో నలిగి కేజన్‌ అయ్యింది. చిత్తడి నేలలు, కాలువలు, సముద్రతీరం. అక్కడ దొరికిన రొయ్యలు, చేపలు, క్రాఫిష్‌, బియ్యంతోనే వారు కడుపు నింపుకొన్నారు. పొయ్యి మీద ఒక్క ఇనుప పాత్ర పెట్టి, ఉన్నవన్నీ అందులో వేసి ఇంటిల్లిపాదికీ వండుకోవటం వారి పద్ధతి.

జంబలాయాలో రెండు తీరులున్నాయి. పల్లెల్లోని కేజన్లు మామూలుగా టమోటా వేయరు. మాంసాన్ని, ఉల్లిపాయలను గోధుమరంగు వచ్చేదాకా వేయించి వండుతారు. న్యూ ఆర్లీన్స్‌ వైపు క్రియోల్‌ పద్ధతిలో టమోటా పడుతుంది, అన్నం ఎర్రగా ఉంటుంది. ఏ పద్ధతిలోనైనా పునాది మాత్రం ఒకటే- ఉల్లిపాయ, పచ్చ క్యాప్సికం, సెలరీ. మనకు తాలింపు ఎలాగో వారికి ఈ మూడూ అలాగ. పాల్‌ ప్రుధామ్‌ అనే లూయిజియానా వంటగాడు 1980ల్లో ఈ రుచులకు అమెరికా అంతటా పేరు తెచ్చాడు. ఇప్పుడు కేజన్‌ మసాలా సీసా అక్కడ ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ కనిపిస్తుంది.

అసలు లెక్క ఇదీ

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లు రోజుకు తీసుకోదగిన సోడియం 2,000 మిల్లీగ్రాముల లోపే. అంటే 5 గ్రాముల ఉప్పు. నిండా ఒక చెంచా కూడా కాదు. మరి నలుగురికి వండిన జంబలాయాలో ఎంతుంటుంది? అన్నీ సీసాలు, ప్యాకెట్లతోనే వండితే సుమారుగా ఇలా తేలుతుంది.

* కేజన్‌ మసాలా 3 చెంచాలు: 4,000 మి.గ్రా. చాలా రకాల్లో మొట్టమొదటి దినుసు ఉప్పే. పావు చెంచాలోనే 300 మి.గ్రా.కు పైగా సోడియం ఉండేవి ఉన్నాయి.
* పొగబెట్టిన సాసేజ్‌ 225 గ్రాములు: 2,000 మి.గ్రా.
* ప్యాకెట్‌ చికెన్‌ స్టాక్‌ రెండున్నర కప్పులు: 2,000 మి.గ్రా.
* రసాయనంలో నానబెట్టి గడ్డకట్టించిన రొయ్యలు 450 గ్రాములు: 2,200 మి.గ్రా.

మొత్తం 10,200. నలుగురికి పంచితే తలా 2,550 మి.గ్రా. చిటికెడు ఉప్పయినా చేత్తో వేయకముందే, ఒక్క పూటలోనే రోజు మోతాదు దాటిపోయిందన్నమాట! ఉదయం తిన్న ఇడ్లీ చట్నీ, మధ్యాహ్నం పప్పు, ఆవకాయ దీనికి అదనం.

‘బీపీ మాత్ర వేసుకుంటున్నాం కదా, ఏమవుతుందిలే’ అనుకోవద్దు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తపోటు పెరుగుతుంది, మాత్రల ప్రభావమూ తగ్గుతుంది. గుండె వైఫల్యం ఉన్నవారికి ఇలాంటి ఒక్క భోజనంతోనే కాళ్ల వాపు, ఆయాసం పెరగొచ్చు.

మసాలా ఇంట్లోనే

సీసా కొనక్కర్లేదు. పాప్రికా 2 చెంచాలు, వెల్లుల్లి పొడి 1, ఉల్లి పొడి 1, ఎండు ఒరెగానో 1, ఎండు థైమ్‌ అర, మిరియాల పొడి అర, కారం పావు చెంచా కలుపుకోండి. ఇందులో ఉప్పు అస్సలు లేదు. పాప్రికా లేకపోతే కశ్మీరీ కారం ఒక చెంచాతో సరిపెట్టుకోవచ్చు. మన గుంటూరు కారం మాత్రం పాప్రికా కొలతతో వేయొద్దు, నోట్లో పెట్టుకోలేరు! వెల్లుల్లి, ఉల్లి పొడులు కొనేటప్పుడు చీటీ చూడండి. ఉప్పు కలిపినవి కూడా అమ్ముతుంటారు.

స్టాక్‌ కూడా ఇంట్లోనే సిద్ధమవుతుంది. రొయ్యల పెంకులు పారేయకుండా మూడు కప్పుల నీటిలో ఓ ఉల్లిముక్క, సెలరీ ఆకులతో 20 నిమిషాలు మరిగించి వడకడితే చాలు. జంబలాయాకు సముద్రపు రుచి వచ్చేది ఇక్కడే. ప్యాకెట్‌ స్టాక్‌ ఇచ్చేది దాదాపు ఉప్పు రుచే.

రొయ్యలు ఎంచుకునేటప్పుడు

అమెరికాకు రొయ్యలు పంపే దేశాల్లో మనదే మొదటి స్థానం. మన దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశ్‌. కాబట్టి అమెరికాలో మీ అబ్బాయి కొన్న ప్యాకెట్‌ మీద ‘ప్రొడక్ట్‌ ఆఫ్‌ ఇండియా’ అని ఉంటే ఆ రొయ్యలు మన తీరంలోని చెరువుల్లో పెరిగినవే కావొచ్చు. దేశం పేరుతో పాటు మరో మాటా వెతకండి- సోడియం ట్రైపాలీఫాస్ఫేట్‌. రొయ్య నీరు పట్టి ఉంచుకోవటానికి దీన్ని కలుపుతారు. మామూలు రొయ్యల్లో 100 గ్రాములకు సుమారు 120 మి.గ్రా. సోడియం ఉంటే, ఇలా శుద్ధి చేసినవాటిలో 500 మించొచ్చు. దినుసుల జాబితాలో రొయ్యలు తప్ప మరేమీ లేని ప్యాకెట్‌ మంచిది.

గడ్డకట్టిన రొయ్యలను ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చుకోండి. తొందరైతే మూసిన కవరులో ఉంచి చల్లటి నీటిలో అరగంట పెట్టండి. వంటింటి గట్టు మీద గంటల కొద్దీ వదిలేయటం తగదు. పచ్చి రొయ్యలు తాకిన చేతులు, కత్తి, పలక సబ్బుతో కడిగాకే కూరగాయలు ముట్టుకోండి.

ఎలా వండాలి?

నలుగురికి కావాల్సినవి: పొడుగు బియ్యం ఒకటిన్నర కప్పులు, ఒలిచిన రొయ్యలు 450 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ 1, పచ్చ క్యాప్సికం 1, సెలరీ కాడలు 2, టమోటాలు 2, వెల్లుల్లి రెబ్బలు 4, నూనె 2 పెద్ద చెంచాలు, పెంకుల స్టాక్‌ రెండున్నర కప్పులు, మీరు చేసుకున్న మసాలా, ఉప్పు అర చెంచా, నిమ్మకాయ, ఉల్లికాడలు.

మూత ఉన్న వెడల్పాటి మందపాటి పెనం తీసుకోండి. రొయ్యలకు ఒక చెంచా మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. నూనె వేడయ్యాక ఉల్లి, క్యాప్సికం, సెలరీ ముక్కలు వేసి ఏడెనిమిది నిమిషాలు వేయించండి. అడుగున కొద్దిగా రంగు పట్టాలి. తొందరపడొద్దు, ఉప్పు తగ్గించిన వంటకు రుచినిచ్చేది ఈ వేయింపే. తర్వాత వెల్లుల్లి, మిగతా మసాలా వేసి అర నిమిషం తిప్పండి. టమోటా ముక్కలు వేసి మెత్తబడనివ్వండి. అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకండి. కడిగి వడకట్టిన బియ్యం వేసి రెండు నిమిషాలు కలియబెట్టి, స్టాక్‌, ఉప్పు కలపండి. బాగా తెర్లాక మంట పూర్తిగా తగ్గించి మూత పెట్టండి. 15 నిమిషాల పాటు మూత తీయొద్దు, కలపొద్దు. కలిపితే మెతుకు విరిగి ముద్దవుతుంది.

ఇప్పుడు రొయ్యలను అన్నం మీద ఒకే వరుసలో పరిచి, మళ్లీ మూత పెట్టి సన్నటి మంట మీద ఐదు నిమిషాలు ఉంచండి. పొయ్యి కట్టేసి మరో ఐదు నిమిషాలు ఆగండి. రొయ్య గులాబీ రంగుకు తిరిగి, లోపల పారదర్శకత పోయి తెల్లబడితే ఉడికినట్టే. ఎక్కడైనా గాజులా కనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. రింగులా గట్టిగా ముడుచుకుపోతే మాత్రం ఎక్కువ ఉడికిందని అర్థం. చివర్లో నిమ్మరసం పిండి, ఉల్లికాడలు చల్లండి. పులుపు తగిలితే నాలుకకు ఉప్పు లోటు అంతగా తెలియదు.

ఇలా వండితే ఒకరి వంతుకు వచ్చే సోడియం సుమారు 450 మి.గ్రా. సాసేజ్‌ లేనిదే జంబలాయా ఏమిటి అనేవారు 100 గ్రాములు వేసుకున్నా 700 లోపే ఉంటుంది. అయితే సాసేజ్‌ లాంటి నిల్వ మాంసాన్ని తరచూ తినకపోవటమే మంచిది.

కొలెస్ట్రాల్‌, మధుమేహం ఉంటే?

రొయ్యల్లో కొలెస్ట్రాల్‌ ఉన్న మాట నిజమే. 100 గ్రాములకు 150-190 మి.గ్రా. ఉంటుంది. కానీ కొవ్వు చాలా తక్కువ, సంతృప్త కొవ్వు ఇంకా తక్కువ. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వే. కాబట్టి రొయ్యల కన్నా వాటిని వేయించే వెన్న, పక్కన చేరే సాసేజ్‌ గురించే ఎక్కువ ఆలోచించాలి. ఇప్పటికే కొలెస్ట్రాల్‌ బాగా ఎక్కువున్నవారు ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

మధుమేహం ఉన్నవారికి అసలు లెక్క అన్నంలో ఉంది. పై కొలతతో ఒకరి వాటాకు దాదాపు 70 గ్రాముల బియ్యం వస్తుంది. రెండోసారి వడ్డించుకుంటే ఆ లెక్క తప్పుతుంది. బియ్యం ఒక కప్పుకు తగ్గించి, స్టాక్‌నూ అదే వంతున తగ్గించి, క్యాప్సికం, సెలరీ రెట్టింపు చేసుకోండి. పళ్లెం నిండుగానే ఉంటుంది.

వీరు జాగ్రత్త

రొయ్యల అలర్జీ: ఇది చిన్నప్పుడే రావాలనేం లేదు. పెద్దయ్యాకా మొదలవ్వచ్చు. అలర్జీకి మూలమైన ప్రొటీన్‌ ఉడికించినా పోదు. అన్నీ ఒకే పెనంలో, అదీ పెంకుల స్టాక్‌తో ఉడికాయి కాబట్టి ‘రొయ్యలు ఏరేసి అన్నం తింటాలే’ అంటే కుదరదు. కొందరికి ఉడికేటప్పటి ఆవిరి కూడా పడదు. తిన్నాక దద్దుర్లు, పెదాల వాపు, గొంతు బిగుసుకుపోవటం, ఆయాసం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయొద్దు. డాక్టర్‌ ఇచ్చిన ఎపినెఫ్రిన్‌ ఇంజెక్షన్‌ ఉంటే వెంటనే వాడి, ఇక్కడైతే 108కు, అమెరికాలో 911కు ఫోన్‌ చేయాలి.

కిడ్నీ జబ్బు: ‘తక్కువ సోడియం ఉప్పు’ అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, కొన్నిరకాల బీపీ మందులు వాడేవారిలో ఇది ప్రమాదకర స్థాయికి చేరొచ్చు. డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

గౌట్‌: రొయ్యల్లోని ప్యూరిన్లు యూరిక్‌ ఆమ్లాన్ని పెంచుతాయి. కీళ్లనొప్పి ఉద్ధృతంగా ఉన్నప్పుడు మానెయ్యటమే మేలు.

పచ్చి ఆయిస్టర్లు: లూయిజియానా తీరంలో వీటిని పచ్చిగా తినే అలవాటుంది. వెచ్చటి సముద్రపు నీటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్‌ అనే బ్యాక్టీరియా వీటి ద్వారా ఒంట్లోకి చేరొచ్చు. ఇది సోకినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు చనిపోతారు. కాలేయ జబ్బు, మధుమేహం, రోగనిరోధకశక్తి తగ్గినవారికి ముప్పు మరింత ఎక్కువ. నిమ్మరసం, ఘాటు సాస్‌తో ఈ సూక్ష్మక్రిమి చావదు. బాగా ఉడికిస్తేనే చస్తుంది.

మిగిలితే ఏం చేయాలి?

వండిన అన్నాన్ని గది వేడిలో వదిలేస్తే బాసిలస్‌ సీరియస్‌ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇది విడుదల చేసే ఒక విషపదార్థం తిరిగి వేడి చేసినా నశించదు. వాంతులకు దారితీస్తుంది. అందుకే మిగిలిన జంబలాయాను లోతు తక్కువున్న డబ్బాల్లోకి మార్చి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలంలోనైతే గంటలోపే. మర్నాడు పొగలు వచ్చేలా ఒక్కసారి వేడి చేసుకుని తినేయండి. మళ్లీ మిగిలితే మొహమాటపడకుండా పారేయండి.

ఈసారి పిల్లలు ‘ఇవాళ జంబలాయా చేస్తున్నాం’ అంటే వద్దనకండి. మసాలా సీసా వెనక్కి తిప్పి సోడియం ఎంతుందో చదివి, దాన్ని మళ్లీ అరలో పెట్టేయండి. పెంకులు మరిగించే పని మీరు తీసుకోండి. అందరూ ఒకే పెనంలోంచి వడ్డించుకోవచ్చు. బీపీ ఉన్నవారికి విడిగా చప్పిడి కూడు వండాల్సిన పనే ఉండదు.